ఎవరినడిగి మొక్కినారు? – కృష్ణమూర్తి స్వేచ్ఛ, అంబేద్కర్ బాధ్యత, మాతమ్మ బతుకు

స్వేచ్ఛ అనగానే మన చిత్తూరు జిల్లాలో చదువుకున్నవాళ్ల నోట ముందు వచ్చే పేరు జిడ్డు కృష్ణమూర్తిది. ఆయన 1895లో మదనపల్లెలో పుట్టినాడు. అప్పటికి అది కడప జిల్లా. 1911లో చిత్తూరు జిల్లా ఏర్పడినాక ఇటు వచ్చింది. రిషివ్యాలీ బడి కూడా అక్కడికి దగ్గరే. మా ఇండ్లలో యూనివర్సిటీ గడప తొక్కిన మొదటి తరం వాళ్లం మేము. ఆయన పుస్తకాలు మేమూ చదివినాం. కొంతకాలం ఇష్టంగానే చదివినాం. గురువు వద్దు, గ్రంథం వద్దు, ఎవరి మాటనో మోయొద్దు అని చెప్పే మనిషి, తిరుమల కొండ నీడలో పెరిగిన దళిత విద్యార్థికి మొదట చుట్టంలాగానే కనబడతాడు.

ఇదే పాత జిల్లా తూర్పు కొసన, సత్యవేడు, నాగలాపురం, శ్రీకాళహస్తి దిక్కు పల్లెల్లో, మాదిగ ఆడబిడ్డల్ని మాతమ్మకు వదిలే ఆచారం తరాలుగా సాగింది. 2022లో జిల్లాలు విడగొట్టినాక ఆ పల్లెలు తిరుపతి జిల్లాలోకి పోయినాయి. జిల్లా పేరు మారినంత సులువుగా ఆచారం మారదు గదా. స్వేచ్ఛ గురించిన మాట మదనపల్లె నుంచి బయల్దేరి ఈ అరుంధతివాడల దాకా నడిస్తే ఏమవుతుంది? ఆ చదువుకే ఈ వ్యాసం.

ముందు ఒక కోర్టు సంగతి. కృష్ణమూర్తి తండ్రి నారాయణయ్య 1909లో పిల్లల్ని తీసుకుని అడయారు దివ్యజ్ఞాన సమాజానికి పోయినాడు. అక్కడే లెడ్‌బీటర్ ఆ పిల్లవాడిలో రాబోయే జగద్గురువును చూసినాడు. 1910లో నారాయణయ్య ఇద్దరు కొడుకుల సంరక్షణను అనిబిసెంటుకు అప్పజెప్పినాడు. తర్వాత మనసు మార్చుకుని, పిల్లల్ని తిరిగి ఇమ్మని 1912లో దావా వేసినాడు. మద్రాసులో తండ్రే గెలిచినాడు. 1914లో లండన్ ప్రీవీ కౌన్సిల్ ఆ తీర్పును కొట్టేసింది. పిల్లల తరఫున ఎవరూ మాట్లాడలేదు, వాళ్ల ఇష్టాన్ని విచారించలేదు అనేది అందుకు చెప్పిన కారణాల్లో ఒకటి.

మదనపల్లె బ్రాహ్మణ బాలుడి ఇష్టం ఏమిటో కనుక్కోవాల్సింది అని సామ్రాజ్యంలోకెల్లా పెద్ద కోర్టు అన్నది. అది న్యాయమే. తండ్రికైనా బిడ్డ బతుకును తన చిత్తం వచ్చినట్టు ఇచ్చేసి, తీసుకునే అధికారం లేదన్నమాట. కానీ ఆ ప్రశ్న అరుంధతివాడకు చేరలేదు. బిడ్డకు జబ్బు చేస్తుంది. ఆసుపత్రి దూరం, కూలి పోతుంది, చేతిలో డబ్బు లేదు. బిడ్డ బతికితే నీకే వదులుతామని తల్లిదండ్రులు మాతమ్మకు మొక్కుతారు. బిడ్డ బతుకుతుంది. గుడికాడ తాళి కడతారు. ఇక ఆమెకు పెండ్లి లేదు. జాతరలో ఆడాలి. ఊరి మొగోళ్ల కంట పడాలి. పుట్టిన బిడ్డలకు తండ్రి పేరు ఉండదు. ఇదంతా నిర్ణయమైన దినం ఆమె వయసెంత? ఐదో, ఆరో. ఆమె ఇష్టం ఎవరు అడిగినారు?

మొక్కు అనే మాట దగ్గర కాస్త ఆగాలి. తిరుపతి మనుషులకు ఇది రోజువారీ మాట. కాలినడకన కొండ ఎక్కుతామని మొక్కుతాం, తలనీలాలు ఇస్తామని మొక్కుతాం. నడిచే కాళ్లు మొక్కినవాళ్లవే. పసిబిడ్డకు గుండు కొట్టించినా జుట్టు మళ్లీ మొలుస్తుంది. మాతమ్మ మొక్కులో ఇచ్చేది మొక్కినవాళ్లది కాదు, ఇచ్చినాక మళ్లీ మొలిచేదీ కాదు. ఒకరు మొక్కితే ఇంకొకరు జీవితాంతం చెల్లించాలి. భక్తి అనే ఒకే మాటకింద ఈ రెండింటినీ కలిపేయడం వల్ల ఎవరికి మేలు జరిగిందో ఊరి చావడిలో కూర్చున్నవాళ్లను చూస్తే తెలుస్తుంది.

ఇప్పుడు కృష్ణమూర్తి దగ్గరికి మళ్లీ వద్దాం. 1929లో హాలండులోని ఓమెన్‌లో, తన కోసం కట్టిన తారక సంఘాన్ని ఆయనే రద్దు చేసినాడు. ఇచ్చిన ఆస్తులు ఇచ్చినవాళ్లకే తిరిగిచ్చినాడు. గొప్ప పనే. ఆ తర్వాత జీవితమంతా ఆయన చెప్పినదాని సారం ఇది: ఎంచుకోవడం స్వేచ్ఛకు గుర్తు కాదు, గందరగోళానికి గుర్తు. స్పష్టంగా చూసే మనసుకు ఎంపికే అవసరం లేదు. సంస్థలు మనిషిని విడిపించలేవు, ఎవరికి వారు తమ లోపలి కట్లు చూసుకోవాల్సిందే.

లోపలి కట్లు ఉన్నాయి, కాదనం. కానీ మాతమ్మ మెడలోని తాళి ఆమె మనసులో లేదు, మెడలోనే ఉంది. దాన్ని ఎంత స్పష్టంగా చూసినా ఊరు దాన్ని తాళిగానే చూస్తుంది. విడిచిపెట్టడానికి ఏదో ఒకటి చేతిలో ఉన్నవాడి స్వేచ్ఛ కృష్ణమూర్తిది. ఆయన పీఠం వదిలినాడు. పీఠం ఎన్నడూ ఎక్కనివాళ్లు ఏం వదలాలి? ఎంపికను దాటిపొమ్మని చెప్పేముందు, ఆ ఎంపిక ఒక్కసారైనా ఆమె చేతికి రావాలి గదా! (సంస్థలు వద్దన్నాయన పేరుమీద సంస్థలే నడుస్తున్న సంగతి వేరే చర్చ.)

అంబేద్కర్ ఈ ప్రశ్నను ఇంకో కొసనుంచి పట్టుకున్నాడు. 1936లో లాహోరు సభ కోసం రాసి, ఆ సభ రద్దు కావడంతో సొంతంగా అచ్చువేసిన ‘కుల నిర్మూలన’లో ఆయన నియమానికీ సూత్రానికీ తేడా చెబుతాడు. నియమం ఇట్లా చెయ్యి అంటుంది, చేసేవాడు ఆలోచించే పనిలేదు. సూత్రం కొలత మాత్రమే ఇస్తుంది, తూచి నిర్ణయించేది మనిషే. అందుకే సూత్రాన్నిబట్టి చేసిన పని తప్పయినా దానికి చేసినవాడు బాధ్యుడు. నియమం ప్రకారం చేసినదానికి బాధ్యుడే ఉండడు. హిందూమతం నియమాల మూట అని ఆయన అన్నది ఈ అర్థంలోనే.

మాతమ్మ కతను ఈ వెలుగులో చూడండి. మన దిక్కు రకరకాలుగా చెప్పుకునే ఆ కతలో, తండ్రి ఆజ్ఞ మీద పరశురాముడు తల్లి రేణుకను నరుకుతాడు. రేణుక పారిపోయి మాదిగ గూడెంలో ఒకామెను కరుచుకుంటే, ఒకే వేటుకు రెండు తలలూ తెగుతాయి. మళ్లీ బతికించేటప్పుడు తలలు తారుమారవుతాయి. పరశురాముడు ఎంపిక చేయలేదు, ఆజ్ఞ పాటించినాడు, అందుకని కతలో ఆయన నిర్దోషి. మాదిగామె ఏం నియమం తప్పింది? శరణన్నదాన్ని వదల్లేదు. ఈ కతలో సొంతంగా ఒక నిర్ణయం తీసుకున్న మనిషి ఆమె ఒక్కతే. తల పోగొట్టుకుని దేవతైంది. ఆమె పేరుమీద ఆమె కులపు బిడ్డలకే ఆజ్ఞ పెట్టినారు.

చట్టాలు రాలేదా అంటే వచ్చినాయి. చిత్తూరు మద్రాసు రాష్ట్రంలో ఉండగా 1947లో దేవదాసీ నిషేధ చట్టం వచ్చింది. ఆంధ్రప్రదేశ్ 1988లో చేసిన చట్టంలో బసివి, జోగినిలతోబాటు మాతమ్మ పేరు కూడా ఎక్కింది. అంకితం చేసినవాళ్లూ, అందులో పాల్గొన్నవాళ్లూ నేరస్థులేనని ఆ చట్టం. 29 ఏళ్ల తర్వాత, 2017లో, ఇదే ఆచారం మీద జాతీయ మానవ హక్కుల సంఘం ఆంధ్రప్రదేశ్, తమిళనాడు ప్రభుత్వాలకు నోటీసులివ్వాల్సి వచ్చింది.

మరి బాధ్యులెవరు? అగ్రకుల సంస్కర్త, మూఢనమ్మకం అంటాడు, వేలు తల్లిమీదికి పోతుంది. మనలో కొందరు వ్యవస్థ అంటారు, వేలు ఎవరిమీదికీ పోదు. ఈ రెండూ మాదిగోళ్లను ఆలోచించలేని మనుషులుగా చూసే చూపులే. జబ్బు బిడ్డను ఒళ్లో పెట్టుకున్న తల్లికి మిగిలిన దారులు తక్కువ. ఆ దారులు మూసినవాళ్లది పెద్ద బాధ్యత. జాతరకు చందాలిచ్చి, రాత్రికి వచ్చి, తెల్లారి తండ్రి పేరు చెప్పని ఊరి పెద్దలది ఇంకా పెద్దది. అయినా తాళి కట్టే దినాన తప్పెట కొట్టింది మనవాళ్లే, నిలబడి చూసింది మనవాళ్లే. వాడలో పెద్దమనిషికి ఆ పూట వద్దు అనే నోరు ఉండింది. దాన్ని కూడా లెక్కలో రాయకపోతే అంబేద్కర్ ఫోటోకు దండ వేసి ప్రయోజనం లేదు. 1935లో యేవలాలో హిందువుగా చావనని చెప్పినాయన, 1956 అక్టోబర్ 14న నాగపూర్‌లో దీక్ష తీసుకునేదాకా 21 ఏళ్లు పట్టింది. ఒక్కడే పోయేటట్టయితే ఒక్క సాయంత్రం చాలు. లక్షల మందిని వెంట నడిపించాలి, వాళ్లు దేన్ని ఎంచుకుంటున్నారో వాళ్లకే తెలియాలి. ఆ దినం చేయించిన 22 ప్రతిజ్ఞలు అందుకే.

మా పరిశోధకుల సంగతి కూడా చెప్పాలి. మాతమ్మల మీద సర్వేలకు పోయేవాళ్ల ప్రశ్నపత్రంలో ‘ఈ జీవితం మీకు ఇష్టమా?’ అని ఒక గడి ఉంటుంది. ఆరేళ్లప్పుడు అడగాల్సిన ప్రశ్నను నలభై ఏళ్లప్పుడు అడిగి, ఆమె తలూపితే ‘సమ్మతి’ అని రాసుకుంటారు. ఆ గడి తీసేయాలని మేము అంటున్నాం. దాని బదులు ఇవి అడగండి: తాళి కట్టిన దినం ఎవరెవరు ఉన్నారు? ఖర్చు ఎవరు పెట్టినారు? వద్దన్నవాళ్లు ఎవరైనా ఉన్నారా, వాళ్లను ఎవరు ఊరుకోబెట్టినారు? ఆమె తన కూతుర్ని వదలకుండా బడికి పంపి ఉంటే, ఆ దినం ఆమెకు అండగా నిలబడినవాళ్లు ఎవరు?