గాలికి మూల దొరకని ఇల్లు

2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుఫాను కన్ను విశాఖ మీదుగా దాటుతున్నప్పుడు గాలి కాసేపు నిలిచిపోయింది. ఆ తర్వాత మళ్లీ విరుచుకుపడింది, ఈసారి ఎదుటి దిక్కు నుంచి. పొద్దుట ఈశాన్యం వైపు నుంచి కొట్టిన గాలికి సగం వదులైన రేకులు, కిటికీలు, గోడలు ఈ రెండో దెబ్బకు ఊడిపడ్డాయి. విమానాశ్రయం కప్పే చెదిరిపోయిందంటే మామూలు రేకుల షెడ్ల సంగతి చెప్పేదేముంది!

నలుచదరం ఇంటికి ముందూ వెనకా ఉంటాయి. తుఫానుకు అవి తెలియవు. ఈ సంగతిని కళింగాంధ్ర తీరపు పల్లెల్లో ఎవరో ఎప్పుడో గ్రహించారు. అలా పుట్టిందే చుట్టిల్లు: గుండ్రటి మట్టి గోడ, దాని మీద శంకువులా నిలిచిన తాటికమ్మల కప్పు. విశాఖ, విజయనగరం, శ్రీకాకుళం పల్లెల్లో ఒకప్పుడు ఎటు చూసినా ఇవే. ఇప్పుడు వెతికితే గాని కనిపించవు. బీదవాడి గుడిసె అని తీసిపారేసే ముందు దాని పనితనాన్ని ఒకసారి దగ్గరగా చూడాలి.

ముందు గోడ. తరిగిన గడ్డి వేసి, కాళ్లతో తొక్కిన మట్టిని వరస మీద వరసగా పేరుస్తారు. కింది వరస ఆరందే పై వరస ఎక్కించరు. తొందరపడితే తడి మట్టి తన బరువుకే కుంగుతుంది. మట్టి గోడలో పగుళ్లు సాధారణంగా మూలల దగ్గర మొదలవుతాయి. గుండ్రటి గోడకు మూలే లేదు. ఒక పక్క పడ్డ తోపు గోడ చుట్టూ పంచుకుపోతుంది. పైగా గాలి ఎటు తిరిగినా దానికి ఇంటి అదే ముఖం కనిపిస్తుంది. హుద్‌హుద్ లాంటి తుఫానులో ఇదెంత పెద్ద లాభమో వేరే చెప్పాలా? కచ్ ప్రాంతపు భుంగాలు కూడా గుండ్రటి ఇళ్లే. 2001 భూకంపంలో చాలా కట్టడాలు కూలిన చోట అవి నిలిచి ఇంజనీర్లను ఆకట్టుకున్నాయి. అక్కడ శత్రువు భూమి, ఇక్కడ గాలి. ఆకారం మాత్రం ఒక్కటే.

అసలు నేర్పంతా కప్పులో ఉంది. వాలు తక్కువైన కప్పు మీదుగా జోరుగాలి పోతుంటే అది కప్పును నొక్కదు, పైకి పీల్చుతుంది. రేకులు ఎగిరేది అందుకే. వాలు బాగా నిటారైతే గాలికి ఎదురుగా ఉన్న వైపు కప్పు కిందికే అదుముకుంటుంది. పడమటి దేశాల పుస్తకాలు చదవనివాళ్లు ఈ వాలును కళ్లతోనే కొలిచారు. ఆ వాలే వాన నీటిని కూడా నిలవనివ్వదు.

వాసాలు గోడ మీద నుంచి లేచి పైన ఒకే చోట కలుస్తాయి. వాటి చుట్టూ వెదురు బద్దల్ని అంచెలంచెలుగా అడ్డంగా బిగించి, కమ్మల్ని కింది నుంచి పైకి ఒకదానిమీదొకటి ఎక్కేలా కడతారు. ఇందులో మేకుకు పని తక్కువ. మేకు కొట్టిన చోటే బరువంతా పడుతుంది, ఉప్పుగాలికి తుప్పు పట్టేదీ అక్కడే. ఉక్కు నగరమైన విశాఖ పక్కనే ఉంటూ ఈ మాట అనడం వింతగా ఉండొచ్చు గాని, సముద్రపు ఒడ్డున సన్నటి ఇనుముకు ఆయుష్షు తక్కువ. నార కట్టు అలా కాదు. ఓడ మీద సరుకు కట్టిన మోకుల్లా కాస్త సాగుతుంది, కాస్త కదలనిస్తుంది, ఒకటి తెగినా పక్కవి పట్టుకుంటాయి. కమ్మల సందుల్లోంచి గాలి కొంచెం లోపలికి చొరబడటం కూడా మేలే. ఇంటి లోపలి ఒత్తిడికి, బయటి ఒత్తిడికి తేడా తగ్గి కప్పును ఎత్తే బలం సన్నగిల్లుతుంది.

ఇక చూరు. అది ఎంత కిందికి దిగుతుందంటే నడుం వంచందే లోపలికి పోలేం. పొడవైన చూరు కింద గాలి దూరితే కప్పు గొడుగులా తిరగబడుతుంది. చూరు నేలకు దగ్గరయ్యేకొద్దీ గాలి దూరే సందు తగ్గుతుంది. పైగా మట్టి గోడకు వాన జల్లు తగలదు. వచ్చిన చుట్టం తల వంచాలని ఈ ఏర్పాటు చేశారనే వాళ్లున్నారు. చమత్కారంగా బాగుంది గాని, నా లెక్కలో ఇది గాలితో చేసిన బేరం.

ఇంతకీ ఆ గాలి బలమెంత? భవనాలకు గాలి భారం లెక్కగట్టే భారతీయ ప్రమాణం విశాఖకు సెకనుకు 50 మీటర్ల ప్రాథమిక వేగాన్ని నిర్ణయించింది. అంటే గంటకు 180 కిలోమీటర్లు. ఆ వేగంలో చదరపు మీటరుకు దాదాపు 150 కిలోల తోపు. వేగం రెట్టింపైతే తోపు నాలుగింతలవుతుంది. సాయంత్రపు సముద్రగాలిని చూసి తుఫానును అంచనా కట్టలేనిది అందుకే.

చుట్టింటిని నెత్తిన పెట్టుకుని ఊరేగాల్సిన పనీ లేదు. నీళ్లు రెండు రోజులు నిలిస్తే మట్టి గోడ కరుగుతుంది, ఉప్పెన పోటుకు నిలవదు. నిప్పురవ్వ పడితే కమ్మ అంటుకోవడానికి క్షణం చాలు. కప్పును కొన్నేళ్లకోసారి మార్చాలి, అందుకు తాటిచెట్లూ కావాలి, కట్టడం తెలిసిన చేతులూ కావాలి. కాంక్రీటు శ్లాబు కింద పడుకుంటున్నవాణ్ణి మళ్లీ కమ్మల కిందికి రమ్మనడం అన్యాయం. కానీ శ్లాబు వేసే స్తోమత లేక నాలుగు గోడల మీద రేకులు పరిచే ఇళ్లు తీరం పొడవునా ఇంకా ఉన్నాయి. వాటికి కప్పును నాలుగు వైపులా వాలించడం, వాలు పెంచడం, గోడ దాటి వేలాడే చూరును కుదించడం, అంచుల్లో బిగింపులు దగ్గర దగ్గరగా వేయడం, కప్పునుంచి పునాదిదాకా ఎక్కడా తెగని కట్టు ఉండేలా చూడడం పెద్ద ఖర్చుతో కూడినవి కావు. మేస్త్రీకి ఇది చెప్పాల్సింది రేకులు కొనక ముందు, గోడలు లేస్తున్నప్పుడే.