సేనాని కంటి మేర

తనకల్లు చుట్టూ ఏ గుట్ట ఎక్కి చూసినా, కొంత దూరం పోయాక చూపు ఇంకో గుట్టకు తగిలి ఆగుతుంది. రెండు బోడుల నడుమ వంక ఉందని దగ్గరికి పోతే తప్ప తెలియదు. ఆ వంకలో ఐదు వందల మంది కూర్చున్నా ఇవతల శెనక్కాయ చేలో నిలబడిన మనిషికి ఒక్క తలపాగా కనబడదు. కదిరి, ధర్మవరం, పెనుకొండ, హిందూపురం వైపు చాలాచోట్ల నేల ఇలాగే ఉంటుంది. ఇలాంటి నేల మీద సైన్యాలు నడిపినవాళ్ళు కళ్ళతో చూసి చేసిన యుద్ధం తక్కువ, చెవులతో విని చేసింది ఎక్కువ.

కంప్యూటర్‌లో యుద్ధాల ఆటలు ఆడేవారి సంగతి వేరు. వాళ్ళ కన్ను ఆకాశంలో ఉంటుంది. మౌస్ కాస్త కదిపితే కుడి పక్క గుర్రాలు, ఇంకాస్త కదిపితే ఎడమ పక్క ఫిరంగులు. ఎక్కడ పట్టు సడలితే అక్కడికి పోయి ఒక్క క్లిక్కుతో సరిచేసుకోవచ్చు. ‘ఏజ్ ఆఫ్ ఎంపైర్స్’ లాంటి ఆటల్లో ‘ఫాగ్ ఆఫ్ వార్’ అనే ముసుగు ఉంది కదా అనవచ్చు. ఉంది. కానీ పటానికి ఆ కొసన ఉన్న ఒక్క బంటు శత్రువును చూస్తే చాలు, అదే క్షణంలో ఆటగాడూ చూస్తాడు. బంటు చూడటానికీ సేనానికి తెలియడానికీ మధ్య ఉండే దూరం, ఆలస్యం, పొరపాటు, భయం ఆ ఆటలో లేవు. యుద్ధమంతా ఆ నడుమనే ఉందని నా నమ్మకం.

సేనాని నిలబడిన చోటు నుంచి, అతని కంటి ఎత్తు నుంచి మాత్రమే పోరును చూస్తూ ఆడే పద్ధతి ఈ లోటు తీరుస్తుంది. ‘టోటల్ వార్’ వరుసలోని ‘మెడీవల్ 2’ (2006)లో కెమెరాను సేనాని దగ్గరే కట్టేసుకునే వీలుంది. అమెరికా అంతర్యుద్ధం మీద 2010లో వచ్చిన ‘స్కర్జ్ ఆఫ్ వార్: గెటిస్‌బర్గ్’లో, కోరుకుంటే, చూపు సేనాని గుర్రం దాటిపోదు. ఆజ్ఞ ఇస్తే రౌతు మోసుకుపోవాలి, రౌతు చేరేదాకా ఆజ్ఞ లేనట్టే. 2020 నాటి ‘రేడియో జనరల్’లో ఆ చూపు కూడా లేదు. ఎదుట ఒక పటం, చేతిలో రేడియో, అంతే. పటం మీద గుర్తులు కూడా విన్న కబురును బట్టి ఆటగాడే జరుపుకోవాలి.

ఈ పద్ధతి కంప్యూటర్ కంటే చాలా పాతది. 1824లో ప్రష్యా సైన్యంలోని రైస్‌విట్జ్ అనే యువ అధికారి, తన తండ్రి మొదలుపెట్టిన ఆటను తీర్చిదిద్ది అక్కడి జనరల్ స్టాఫ్ అధిపతి మ్యుఫ్లింగ్‌కు చూపించాడు. మ్యుఫ్లింగ్ మెచ్చి సైన్యమంతటికీ సిఫారసు చేశాడు. 1:8000 కొలతలో నేల పటం, దళాలకు చిన్న చిన్న దిమ్మెలు, ఒక్కో ఎత్తుకు రెండు నిమిషాల కాలం. ఇరుపక్షాల వారూ ఒకరి దళాలను ఒకరు నేరుగా చూడరు. నడుమ ఉన్న అంపైర్‌కు ఒక్కడికే అంతా తెలుసు. ఆజ్ఞలు కాగితం మీద రాసి ఇవ్వాలి. ఆ కాగితం అసలు యుద్ధంలో ఎంతసేపటికి చేరేదో లెక్కగట్టి, అప్పుడే అంపైర్ దళాన్ని కదుపుతాడు. మన ఊళ్ళలో బండల మీద గీసుకుని ఆడే పులిజూదంలో పులికి మేకలన్నీ కనబడతాయి, మేకలకు పులులన్నీ కనబడతాయి. చదరంగమూ అంతే. ఆ ఆటలు ఎత్తు మీద ఎత్తు ఆలోచించడం నేర్పుతాయి. తెలియని చోట నిర్ణయం తీసుకోవడం వాటి పని కాదు.

మనవాళ్ళకు ఈ సంగతి తెలియక కాదు. ఆముక్తమాల్యదలోని రాజనీతి వేగుల గురించి మాట్లాడుతుంది. రాయవాచకంలో వేగులవాళ్ళు సుల్తానుల కొలువుల్లో చూసినదీ విన్నదీ తెచ్చి కృష్ణరాయలకు వినిపించే ఘట్టం ఎంతో పొడుగు. రాజు కన్ను ఎంత పెద్దదైనా అది అరువు కన్నేనని ఆ రచనలకు బాగా తెలుసు.

ఇక రక్కసి-తంగడి. 1565 జనవరిలో విజయనగరానికీ దక్కన్ సుల్తానులకూ మధ్య కృష్ణకు దక్షిణాన జరిగిన ఆ యుద్ధం గురించి మనం మాట్లాడే తీరు ఎప్పుడూ ఆకాశం నుంచి చూసినట్టే ఉంటుంది. విజయనగర సైన్యాన్ని నడిపిన అళియ రామరాయలు అలా చేయకుండా ఉండాల్సింది, ఇలా చేసి ఉండాల్సింది అని తీర్పులు చెబుతాం. కొన్ని దశాబ్దాల తర్వాత బిజాపూరులో ఉండి రాసిన చరిత్రకారుడు ఫెరిష్టా కథనాన్ని రామరాయల కంటి మేరకు కుదించి చదివి చూడండి. రేవును విజయనగర సైన్యం కాస్తోంది. అవతలి గట్టున సుల్తానుల దండు నది వెంబడి ఇంకో రేవు వెతుకుతున్నట్టు కదిలింది. ఇవతలి సైన్యమూ గట్టు వెంట కదలక తప్పలేదు. అవతలివాళ్ళు చటుక్కున వెనుదిరిగి, కాపలా లేని పాత రేవులో దాటేశారు. ఆ గట్టు మీద మనం నిలబడి ఉంటే ఏం చేసేవాళ్ళం? అవతల లేచిన దుమ్ము చూసి, రేవు పోతుందని భయపడి, మనమూ కదిలేవాళ్ళమే.

పోరు రోజున కుడిపక్క తమ్ముడు వెంకటాద్రి, ఎడమపక్క ఇంకో తమ్ముడు తిరుమల, నడుమ రామరాయలు. ఆయన వృద్ధుడు, పల్లకిలో వచ్చాడు. మొదట సుల్తానుల రెండు పక్కలూ వెనక్కి తగ్గాయి. నడుమ అహ్మద్‌నగర్ సుల్తాను హుసేన్ నిజాంషా మాత్రం కదల్లేదు. అతని ఫిరంగుల ముందు రెండు వేల మంది విలుకాళ్ళు నిలబడ్డారు. రామరాయల వైపు నుంచి కనబడేది విలుకాళ్ళే. మీద పడితే వాళ్ళు వెనక్కి జరిగారు, చూసేవాళ్ళకు పారిపోతున్నట్టే ఉంటుంది. ఆ తెర తొలిగేసరికి ఫిరంగులు ఎదురుగా ఉన్నాయి. దగ్గరికి వచ్చినవారి మీద రాగి నాణేల సంచులు కూరి పేల్చారని ఫెరిష్టా రాశాడు. ఆకాశంలోంచి ఆడే ఆటలో ఈ పన్నాగం పారదు. విలుకాళ్ళ వెనక ఏముందో పోరు మొదలు కాకముందే కనబడుతుంది కాబట్టి దానికి ఎవరూ లొంగరు. సేనాని చూపుతో ఆడితే, ముందే కథ చదివినవాడు తప్ప మిగతా అందరూ లొంగుతారు.

రామరాయలు పట్టుబడ్డాడు, తల తీశారు, ఆ తలను ఈటె మీద ఎత్తి చూపారు. రెండు పక్కలా గెలుస్తున్నామనుకున్న సైన్యానికి చేరిన అతి పెద్ద కబురు అదే. ఆ ఒక్క కబురుతో విజయనగర సైన్యం చెదిరిపోయింది. రెండేళ్ళకు విజయనగరం వచ్చిన వెనిస్ వర్తకుడు సీజర్ ఫ్రెడరిక్, రాయల కొలువులోని ఇద్దరు ముస్లిం సేనాపతులు ఎదురు తిరగడమే ఓటమికి కారణమని రాశాడు. ఫెరిష్టా ఆ మాట చెప్పడు. రణరంగంలో ఒక్కొక్కరికి ఒక్కో యుద్ధం కనబడింది, వాళ్ళు చెప్పింది చెవిన పడినవాళ్ళు దాన్ని రాసుకున్నారు. తిరుమల పేరుకు రాజైన సదాశివరాయలను, ఏనుగుల మీద ఖజానాను వెంటబెట్టుకుని పెనుకొండ చేరాడు.

సేనాని చూపుతో ఆడేవారికి మొదట ఎదురయ్యే ప్రశ్న, ఎక్కడ నిలబడాలి? గుట్ట మీద ఉంటే దుమ్ము కనబడుతుంది, దళాలు ఎటు పోతున్నదీ తెలుస్తుంది, కానీ ఆజ్ఞ కిందికి చేరేసరికి పని అయిపోయి ఉంటుంది. ముందు వరుసలో ఉంటే మాట వెంటనే వినబడుతుంది, ఆ నూరు గజాల పోరు తప్ప ఇంకేమీ కనబడదు. చాలామంది కొత్తవాళ్ళు ఎక్కడ చప్పుడైతే అక్కడికి గుర్రం తోలుతారు. నా మాట వింటే, అవసరానికని అట్టిపెట్టుకున్న దళం పక్కనే ఉండండి. అది ఒక్కటే మీ నోటి మాటతో కదిలేది.

ఆజ్ఞ రాయడంలోనే అసలు విద్య ఉంది. ‘ఇంకో రెండు వందల అడుగులు ముందుకు పో’ అని రాస్తే, చేరేసరికి ఆ అడుగులకు అర్థం పోతుంది. ‘చింతతోపు మన చేతిలో ఉండాలి. నిలబడలేకపోతే వంక దాటి వెనక్కి రా. వచ్చేముందు కుడిపక్క వాళ్ళకు మనిషిని పంపు’ అని రాస్తే, అందుకున్నవాడికి మన ఉద్దేశం తెలుస్తుంది, తనకు కనబడిన దాన్నిబట్టి నడుచుకుంటాడు. అందుకే ఎవరి గుణం ఏమిటో ముందే తెలియాలి. దూకుడు మనిషికి తోపు కాయమని చెప్పి, నెమ్మదస్తుణ్ణి తరమడానికి పంపితే ఏ ఆజ్ఞా పనిచేయదు.

వచ్చిన కబురును చదవడం ఇంకా కష్టం. రౌతు చెప్పేది ఇప్పటి సంగతి కాదు. రెండు మైళ్ళ అవతలి నుంచి గుర్రం పరుగెత్తించుకొచ్చినా పది నిమిషాల పాత మాట. కళ్ళారా చూశాడా, ఎవరైనా చెబితే విన్నాడా? ఎక్కడ నిలబడి చూశాడు? గుర్రాలను చూశాడా, దుమ్మునే చూశాడా? నాలుగు ఆటలు ఆడేసరికి ఈ ప్రశ్నలు వాటంతటవే నోటికొస్తాయి. రాకపోవడం కూడా కబురే. గంటకొకసారి మనిషిని పంపే దళం రెండు గంటలుగా ఉలుకూ పలుకూ లేకుండా ఉంటే, అట్టిపెట్టుకున్న దళాన్ని అటు తిప్పాల్సిన సమయం వచ్చిందన్నమాట.

ఈ తీరు ఆట అందరికీ నచ్చదు. సగం ఆట ఎదురుచూపులోనే పోతుంది, గెలిచినా ఎలా గెలిచామో కళ్ళకు కట్టదు. వినోదం కోసం కాసేపు ఆడుకునేవారికి ఆకాశం చూపే మేలు. కానీ చరిత్ర పాఠం చెప్పే ఉపాధ్యాయులు పిల్లలతో ఒక్కసారైనా ఈ తీరున ఆడించాలని గట్టిగా కోరుకుంటాను. కంప్యూటర్ కూడా అక్కర్లేదు. సర్వే ఆఫ్ ఇండియా వారి 1:50,000 పటం మూడు ప్రతులు చాలు. అందులో రెండు సెంటీమీటర్లు ఒక కిలోమీటరు, ఇరవై మీటర్లకొక కాంటూరు గీత. ఏ గుట్ట మీంచి ఏ వంక కనబడదో ఆ గీతలు చూసి అంపైర్ తేల్చగలడు. రెండు జట్లను వేరువేరు గదుల్లో కూర్చోబెట్టి చీటీలు పంపుకోవచ్చు. ఊళ్ళు వేరైతే అంపైర్ ఒక్కడికే వాట్సాప్‌లో ఆజ్ఞలు పంపి, అతను ఆలస్యం లెక్కగట్టి కబుర్లు ఇచ్చేలా పెట్టుకోవచ్చు.

మొదటి ఆటకు పెనుకొండ ముట్టడిని సూచిస్తాను. 16వ శతాబ్దం చివర గోల్కొండ సుల్తాను మహమ్మద్ కులీ కోటను చుట్టుముట్టినప్పుడు విజయనగర రాజు వెంకటపతిరాయలు సంధి అడిగాడు. సుల్తాను ఒప్పుకుని దండును దూరం జరిపాడు. తర్వాతి మూడు రోజుల్లో కోటలోకి ధాన్యం, జగదేవరాయలు వంటి నాయకుల సైన్యం చేరిపోయాయి. సుల్తాను మళ్ళీ ముట్టడించాడు కానీ వానాకాలం దగ్గరపడుతోంది, కృష్ణ పొంగితే వెనక్కి దారి ఉండదు, వదిలి వెళ్ళాడు. కోట జట్టుకు తమ గాదెల్లో ఎంత ఉందో తెలుసు, బయట ఎవరున్నారో తెలియదు. దండు జట్టుకు కోట గోడలు తెలుసు, లోపలి గాదెలు తెలియవు. సంధి కబురు వచ్చినప్పుడు దండు జట్టులోని పిల్లలు ఏమేం మాట్లాడుకున్నారో అంపైర్ రాసిపెట్టుకోవాలి. ఆట ముగిశాక రెండు జట్లనూ ఒకే పటం ముందు కూర్చోబెట్టి, చీటీలన్నీ వచ్చిన వరుసలో, వచ్చిన వేళతో సహా పైకి చదివించాలి.