సీతారామ్‌తో మొదలై సత్యసాయితో ముగిసే జాజ్ ఆల్బమ్

పుట్టపర్తికి రాక్, జాజ్ సంగీతాలతో చుట్టరికం ఉందంటే చిత్రావతి ఒడ్డున పుట్టి పెరిగినవాళ్లే ఒక పట్టాన నమ్మరు. 1971లో లండన్‌లో హార్డ్ రాక్ కేఫ్ పెట్టిన ఇద్దరిలో ఒకరైన ఐజాక్ టిగ్రెట్ సత్యసాయి భక్తుడు. ఆ కేఫుల గోడల మీద, పెద్ద పెద్ద రాక్ వాద్యకారుల గిటార్ల పక్కన కనిపించే 'అందరినీ ప్రేమించు, అందరినీ సేవించు' అన్న నినాదం బాబా మాటే. 1991లో పుట్టపర్తిలో తెరిచిన సూపర్ స్పెషాలిటీ ఆసుపత్రికి భారీగా విరాళమిచ్చింది కూడా ఈ టిగ్రెటే. కదిరి నుంచో ధర్మవరం నుంచో పైసా ఖర్చు లేకుండా గుండె ఆపరేషన్‌కి వచ్చే రైతుకి, ఆ కట్టడం వెనక గిటార్ మోతల డబ్బు కూడా ఉందని తెలిసే అవకాశం లేదు. తెలియకపోతే నష్టమూ లేదు.

ఈ చుట్టాలందరిలోకీ పనితనంలో మిన్న అమెరికన్ జాజ్ కళాకారిణి ఆలిస్ కోల్ట్రేన్. ఆమె 2004లో ఇంపల్స్ కంపెనీ ద్వారా విడుదల చేసిన 'ట్రాన్స్‌లీనియర్ లైట్' ఆల్బమ్‌లో పదకొండు అంశాలున్నాయి. మొదటిది 'సీతారామ్', చివరిది 'సత్యసాయి ఈశ'. మధ్యలో నల్లవారి చర్చి పాటలు రెండు, భర్త, జాజ్ సాక్సోఫోన్ వాద్యకారుడు జాన్ కోల్ట్రేన్ రచనలు రెండు, తన రచనల్లో పాతవీ కొత్తవీ. జాజ్ రికార్డుల్లో భారతీయ సంగీతాన్ని తాలింపులా వాడుకోవడం 1960ల నుంచీ ఉన్నదే: కాస్త సితార్, కాస్త తబలా, పైన ఒక సంస్కృతం పేరు. ఇక్కడ మాత్రం భజన మూలస్తంభం. దాన్ని తీసేస్తే ఆల్బమ్ నిలబడదు.

ఆమె 1937లో డెట్రాయిట్‌లో పుట్టింది. చిన్న వయసులోనే చర్చిలో ఆర్గన్ వాయించింది. పారిస్‌లో బడ్ పావెల్ దగ్గర పియానో మెళకువలు నేర్చుకుంది. 1965లో జాన్ కోల్ట్రేన్‌ని పెళ్లాడి, మరుసటి ఏడాది ఆయన బృందంలో పియానో ముందు కూర్చుంది. 1967లో ఆయన పోయేనాటికి ఆమెకి ముప్ఫై కూడా నిండలేదు, నలుగురు పిల్లలు. ఆ తర్వాత హార్ప్ పట్టింది, వరసగా రికార్డులు చేసింది, ఇండియాకి వచ్చింది. 1978 నాటి 'ట్రాన్స్‌ఫిగరేషన్' తర్వాత సంగీత కంపెనీలకు దణ్ణం పెట్టేసి, అప్పటికే కట్టిన కాషాయంతో, తురీయసంగీతానందగా కాలిఫోర్నియాలోని అగూరా కొండల్లో ఆశ్రమం నడిపింది. కొన్నేళ్లకు ఆ ఆశ్రమానికి 'సాయి అనంతం' అని బాబా పేరే పెట్టుకుంది. ఆదివారం ఆదివారం అక్కడ భజన. అక్కడి పాటలు క్యాసెట్లుగా ఆశ్రమం వాళ్లకే అందేవి, బజారుకి రాలేదు. మళ్లీ స్టూడియోకి రమ్మని బతిమాలింది కొడుకు రవి. సాక్సోఫోన్ వాద్యకారుడు, రవిశంకర్ పేరే అతనికి పెట్టారు. ఈ ఆల్బమ్ నిర్మాత అతనే. అంటే ఇరవై ఆరేళ్ల విరామం తర్వాత తల్లి చేత రికార్డు చేయించిన కొడుకు పని కూడా ఇందులో వినాలి.

పనితనం చూడాలంటే 'జగదీశ్వర్' దగ్గర ఆగాలి. ఇది 1982లో వచ్చిన 'తురీయ సింగ్స్' క్యాసెట్‌లో మొదటి పాట. అందులో ఆమె స్వయంగా పాడింది. అంతకుముందు ఏ రికార్డులోనూ అలా ఒంటరిగా గొంతు విప్పలేదు. లోతైన, తొందర తెలియని గొంతు. మాటలు తక్కువ, ఒక్కో అక్షరాన్నీ సాగదీసి నిలబెడుతుంది. మన భజనలో హార్మోనియం ఏం చేస్తుంది? పాడేవాళ్ల వెంటే నడుస్తుంది. గొంతు ఎక్కడుంటే అదీ అక్కడే, కింద శ్రుతి మారదు. ఆలిస్ ఆర్గన్ అలా వెంట నడవదు. గొంతు ఒక స్వరం మీద నిలిచి ఉండగానే కింద చేతులు కార్డ్ (కలిసి మోగే స్వరాల గుత్తి) మార్చేస్తాయి. దాంతో నిలిచిన అక్షరం అదే, రంగు మాత్రం మారుతుంది. ఇప్పటిదాకా నిబ్బరంగా ఉన్న 'ఈశ్వర్' ఒక్కసారిగా బేలగా వినిపిస్తుంది, మరో కార్డ్ పడగానే మళ్లీ తేరుకుంటుంది. ఇది డెట్రాయిట్ చర్చి విద్య. దాన్ని నామం కిందికి తెచ్చి పెట్టింది, అంతే. భారతీయంగా వినిపించాలని ఎక్కడా ప్రయాసపడలేదు. ఉచ్చారణ కూడా అమెరికా ఉచ్చారణే. శాస్త్రం తెలిసినవాళ్లు ముఖం చిట్లిస్తే చిట్లించవచ్చు, నాకైతే అది కల్తీ లేని మాటగానే వినిపిస్తుంది.

2004 రూపంలో ఆ గొంతు లేదు. ఆ స్థానంలో రవి టెనర్ సాక్సోఫోన్ ఉంది. కర్ణాటక సంగీత సాక్సోఫోన్ విద్వాంసుడు కద్రి గోపాల్‌నాథ్ కచేరీలు విన్న చెవులతో దీన్ని వింటే మొదట చప్పగా ఉన్నట్టనిపించవచ్చు, ఎందుకంటే గమకం జోలికే పోడు. తల్లి పాడిన బాణీని దాదాపు ఉన్నదున్నట్టు, ఊపిరి వినపడేలా వాయిస్తాడు. నైపుణ్యం చూపించుకునే సందు చాలానే ఉంది, చూపించుకోడు. నిర్మాతగా అతని వివేకం నాకు ఎక్కువగా నచ్చింది ఇక్కడే.

ఈ ఆల్బమ్‌లో హార్ప్ లేదు. అయినా హార్ప్ వాయించిన చేతులు దాక్కోవు. పియానో మీద కింది నుంచి పై దాకా అలలా లేచే స్వరాల వరస ఆ వాద్యం నేర్పిన అలవాటే. 'సీతారామ్'లో మాత్రం వుర్లిట్జర్ ఆర్గన్ ముందుకొస్తుంది. తంబుర శ్రుతి మీద కుడిచేయి ఒక్కొక్క స్వరంగా, సన్నని జీరతో, పరుగుపరుగున సాగుతుంది. ఇంచుమించు నాదస్వరం పోకడ. అదే ఆర్గన్‌తో భర్త రచన 'లియో'ని అందుకున్నప్పుడు ఇక పగ్గాలుండవు. అరవై దాటిన సన్యాసిని, ఇరవై ఆరేళ్లు బజారు సంగీతానికి దూరంగా ఉన్న మనిషి, అంత మంట పుట్టిస్తుందని ఎవరూ అనుకోరు. హెవీ మెటల్ వినే కుర్రాళ్లకి నేను ముందుగా వినిపించేది ఇదే. ఆ తర్వాత చార్లీ హేడెన్ బాస్‌తో జంటగా వాయించిన 'త్రిలోక' వస్తే ఊపిరి పీల్చుకుంటాం.

లోపం లేదా అంటే ఉంది. డ్రమ్స్ మీద ఒకచోట జాక్ డిజానెట్, ఇంకోచోట జెఫ్ వాట్స్. బాస్ మీద ఒకచోట హేడెన్, ఇంకోచోట జేమ్స్ జీనస్. ఉద్దండులే, కానీ బృందం మారినప్పుడల్లా గది మారినట్టు తెలుస్తుంది. మొత్తం ఒకే ఊపులో సాగదు.

ఇక చివరి 'సత్యసాయి ఈశ'. పాడింది సాయి అనంతం ఆశ్రమ బృందం, ఆర్గన్ ఆమెది. పుట్టపర్తి ఆశ్రమంలోని సాయి కుల్వంత్ హాలులో భజనకి ఒక కట్టుబాటు ఉంది. ఒకరు పంక్తి అంటారు, వేలమంది ఒకే గొంతుగా తిప్పి అంటారు. మొదట నిదానం, తర్వాత వేగం, చివర మళ్లీ నిదానం. బాబా కుర్రతనంలో ఊళ్లో నడిపిన పండరి భజనలోనూ ఒకరు అంటే పదిమంది అందుకోవడమే. నల్లవారి చర్చిలోనూ పాస్టర్ అంటే జనం అందుకుంటారు. రాయలసీమ పల్లెకీ డెట్రాయిట్‌కీ మధ్య ఆలిస్ పట్టుకున్న అతుకు ఇదే అనిపిస్తుంది నాకు. తేడా అల్లా, అగూరా వాళ్లు అందుకునేటప్పుడు ఒకే గొంతు కారు. ఎవరి స్థాయి వారిది, చర్చి కోయిర్‌లా గొంతులు పొరలు పొరలుగా లేస్తాయి. జాజ్ మహామహులందరినీ పంపించేసి, ఆఖరి మాట పేరు తెలియని ఈ భక్తులకి వదలడం ఆల్బమ్ కూర్పులో అన్నిటికన్నా తెగువైన నిర్ణయం.

ఆమె 2007 జనవరిలో కన్నుమూసింది. 2018 కార్చిచ్చులో ఆశ్రమం కాలిపోయింది. క్యాసెట్ల నుంచి ఏరిన పాటల్ని 2017లో లువాకా బాప్ సంస్థ విడుదల చేసింది. 2021లో రవి 'తురీయ సింగ్స్'ని సింథసైజర్, తీగవాద్యాల పొరలు లేకుండా, తల్లి గొంతూ ఆర్గనూ మాత్రమే ఉన్న రూపంలో 'కీర్తన్' పేరుతో తెచ్చాడు. ఆ పొరలు లేకుండా తేవాల్సింది కాదని వాదించేవాళ్లున్నారు, వాళ్ల మాటలోనూ బలం ఉంది. ఆ వైభవం ఆమె కోరి చేసుకున్నది. కొత్తగా వినేవాళ్లు మాత్రం ముందు 2021 నాటి 'జగదీశ్వర్', తర్వాత 1982ది, ఆపైన 2004ది వరసగా వినండి. మూడింటికీ కలిపి అరగంట పట్టదు. ఆ తర్వాత ఆల్బమ్ మొత్తం మొదటి నుంచి పెట్టుకోవచ్చు.