కాబూల్‌లో కత్తెర చప్పుడు

2001లో తాలిబన్లు గద్దె దిగాక అమెరికన్ మహిళలు కాబూల్‌లో పెట్టిన బ్యూటీ స్కూలు మీద లిజ్ మెర్మిన్ తీసిన డాక్యుమెంటరీ ‘ద బ్యూటీ అకాడమీ ఆఫ్ కాబూల్’ (2004). మొదటిసారి చూసినప్పుడు చిరాకేసింది. చితికిపోయిన దేశానికి లిప్‌స్టిక్కా? ఆ టీచర్ల ఉద్ధరింపు ధోరణి నాకు ఇప్పటికీ మింగుడుపడదు.

రెండోసారి నా కళ్ళు విద్యార్థినుల మీద నిలిచాయి. తాలిబన్ల కాలంలోనే ఇళ్ళల్లో గుట్టుగా పార్లర్లు నడిపినవాళ్ళున్నారు వాళ్ళలో! అంటే ఆ సరదా ఎవరో తెచ్చిపెట్టింది కాదు. చాటున బతికే ఉంది, బయటికొచ్చింది. అది చేతిలో నాలుగు డబ్బులు, మగవాళ్ళు అడుగుపెట్టని ఒక గది కూడా. (అలంకరణ అనగానే మొహం చిట్లించే మనం, నాతో సహా, ఆ గది గురించి తక్కువే రాశాం.)

2023లో మళ్ళీ తాలిబన్లే పార్లర్లన్నీ మూయించారు. ఆ వార్త చదివి మూడోసారి చూశాను. లిప్‌స్టిక్కా అని అడగలేకపోయాను.