ఏడు విన్నపాల పనితనం

కోరాపుట్ నుంచి రాయగడ వెళ్లే దారిలో, కొండల మధ్య ఉంటుంది లక్ష్మీపూర్. చుట్టుపక్కల కువి, దేశియా, ఒడియా, తెలుగు కలగలిసి వినిపిస్తాయి. ఈ ప్రాంతపు పాత క్రైస్తవ సంఘాల వెనక జయపురం ఇవాంజెలికల్ లూథరన్ సంఘం చరిత్ర ఉంది. 1876లో ఉత్తర జర్మనీలోని బ్రెక్లుంలో క్రిస్టియన్ యెన్సెన్ అనే పాదిరి ఒక మిషన్ స్థాపించాడు. దాని తొలి మిషనరీలు 1882లో జయపురం సంస్థానం వైపు వచ్చారు. ఘాట్ కింద సాలూరు, పార్వతీపురం కూడా ఆ మిషన్ కేంద్రాలే. వాళ్లు తెచ్చినవాటిలో బడులున్నాయి, పుస్తకాలున్నాయి, ఆరాధన క్రమం ఉంది. వీటన్నిటిలోకీ చిన్నది, ఇప్పటికీ ఇంటింటా రోజూ వాడుకలో ఉన్నది యేసు నేర్పిన ప్రభువు ప్రార్థన. నిదానంగా చెప్పినా నిమిషం పట్టదు.

ప్రార్థన బలం గురించి మాట్లాడేటప్పుడు చాలామంది ఆ బలాన్ని గొంతులోనో కన్నీళ్లలోనో చూస్తారు. నాకది ఈ చిన్న ప్రార్థన అమరికలో కనిపిస్తుంది. ఏ భాగం ఎక్కడ ఉంది, ఎందుకక్కడే ఉంది అని చూసుకుంటూ పోతే దీని పనితనం తెలుస్తుంది.

ముందు తండ్రీ అన్న పిలుపు. ఆ తర్వాత, ఈ సంఘాలు అనుసరించే లూథర్ లెక్కలో, ఏడు విన్నపాలు. (కాల్విన్ సంప్రదాయం చివరి రెంటినీ కలిపి ఆరే అంటుంది.) మొదటి మూడూ దేవుని సంగతులు: ఆయన నామం, ఆయన రాజ్యం, ఆయన చిత్తం. చివరి మూడూ మనిషి చిక్కులు: చేసిన అపరాధం, రాబోయే శోధన, చుట్టూ ఉన్న కీడు. సరిగ్గా నడుమ, నాలుగో చోట, అన్నం. అటు మూడు, ఇటు మూడు, మధ్యలో ఆ పూట తిండి. కష్టంలో ఉన్నవాడు నోరు తెరవగానే తన కష్టమే చెప్పుకుంటాడు, అది సహజం. ఈ ప్రార్థన అతన్ని కసరదు, కానీ అతని వంతు రావడానికి ముందు మూడు మెట్లు ఎక్కిస్తుంది. నాలుగో మెట్టుకు వచ్చేసరికి అడిగేవాడు ఎవరి ఎదుట నిలబడ్డాడో అతనికి గుర్తుంటుంది. మొదటినుంచి చివరిదాకా ‘నేను’, ‘నాకు’ అన్న మాటే లేదు, అంతా ‘మేము’, ‘మాకు’. ఇంట్లో ఒంటరిగా చెప్పుకున్నా ఊరంతటి తరఫునా అడిగినట్టే అవుతుంది.

ఐదో విన్నపం దగ్గర కాస్త ఆగాలి. మొత్తం ప్రార్థనలో మనిషి చేసే పని ఒక్క ఇక్కడే వస్తుంది. క్షమించమని అడుగుతూనే, ఇతరులను తానూ క్షమిస్తున్నట్టు చెప్పాల్సి వస్తుంది. మత్తయి సువార్త ఆరో అధ్యాయంలో ప్రార్థన ముగియగానే యేసు వివరణ ఇచ్చింది కూడా ఈ ఒక్క విన్నపానికే. పక్కింటివాళ్లతో గట్టు తగాదా ఉన్నవాడు దీన్ని పైపైన చదివి దాటిపోలేడు. రోజూ చెప్పే ప్రార్థనలో రోజూ తగిలేలా పెట్టిన చోటు ఇది.

ఇక నడుమనున్న నాలుగో విన్నపానికి తిరిగి వద్దాం. దాన్ని విప్పి చూపించిన ఘనత లూథర్‌ది. 1528లో సాక్సనీ పల్లె సంఘాలను చూసి, అక్కడి జనానికి మూల విషయాలే తెలియవని బాధపడి, మరుసటి ఏడాది చిన్న కేటకిజం అనే ప్రశ్నోత్తరాల పుస్తకం రాశాడు. అందులోని భాగాలు ముందు గోడకు తగిలించుకునే కాగితాలుగా అచ్చయ్యాయి, ఇంటిపెద్ద చదివి ఇంటిల్లిపాదికీ నేర్పాలని. ప్రతి విన్నపం కిందా ఒక ప్రశ్న, ఒక చిన్న జవాబు. నామం, రాజ్యం, చిత్తం దగ్గర జవాబు ఒకే తీరుగా నడుస్తుంది: ఇవి మనం అడగకపోయినా జరిగేవే, మనలో కూడా జరగాలని అడుగుతున్నాం. ప్రార్థనతో దేవుణ్ణి కదిలిస్తున్నామన్న భ్రమకు అక్కడ చోటు లేదు, అడగడం మానుకోవడానికి సాకూ లేదు. ఇంత కొద్ది మాటల్లో ఆ రెండు తలుపులూ మూయడం గొప్ప నేర్పు.

అన్నం దగ్గరికి వచ్చేసరికి లూథర్ జవాబు పెద్ద జాబితా అవుతుంది. తిండి, బట్ట, ఇల్లు, పొలం, పశువులు, మంచి జీవిత భాగస్వామి, మంచి పాలకులు, అనుకూలమైన వాతావరణం, ఆరోగ్యం, మంచి స్నేహితులు, నమ్మకమైన ఇరుగుపొరుగు... ఇంకా ఉంది. సాక్సనీ రైతుల కోసం రాసిన ఈ జాబితాను లక్ష్మీపూర్ కొండవాలు మీద చోళ్లు చల్లే రైతు ముందు పెడితే, తీసేయాల్సిన అంశం ఒక్కటీ ఉండదు. వాన రావాలి, ఎద్దు బతకాలి, పక్కవాడు మంచివాడై ఉండాలి. అన్నం అన్న ఒక్క విన్నపంలో ఇవన్నీ ముడిపడి ఉన్నాయని తెలిశాక, నేర్చుకున్నవాడు ఇక ఆ ఒక్క మాట అంటే చాలు, జాబితా అంతా వెనక కదులుతుంది.

కంఠస్థం చేసిన ప్రార్థనకు ఇంకో గుణం ఉంది: నేర్పినవాళ్లు వెళ్లిపోయినా అది మిగులుతుంది. మొదటి ప్రపంచ యుద్ధంలో బ్రిటిష్ ప్రభుత్వం జర్మన్ మిషనరీలను నిర్బంధించి, తర్వాత వెనక్కి పంపేసింది. అమెరికన్ లూథరన్లు మిషన్ బాధ్యత చూశారు గానీ, అంత విస్తారమైన కొండ ప్రాంతంలో ఎన్ని ఊళ్లకని వెళ్లగలరు? పాదిరి రాని ఊళ్లో కూడా ఏడు విన్నపాలు వచ్చినవాడు ఒక్కడుంటే కూటం నడుస్తుంది. 1928లో జయపురం సంఘం తన పేరుతో తాను నిలబడిందంటే, అందులో అలా ఇళ్లలో నిలిచిన ప్రార్థనకు పెద్ద వాటా ఉందని నా నమ్మకం.

సొంత మాటల్లో చేసే ప్రార్థనకూ ఈ అమరికే లోపలి ఎముక. ఇళ్లలో జరిగే కుటీర ప్రార్థన ఎలా నడుస్తుందో చూడండి. పాట అవుతుంది, వాక్యం అవుతుంది, కూటం నడిపే పెద్దాయన ఎవరి విన్నపాలేమిటని అడుగుతాడు. ఒకావిడ కొడుకు పనికి దూరం వెళ్లి ఫోను చేయలేదంటుంది. ఇంకొకరి మనవరాలికి జ్వరం. ఒకరికి నేల కాగితాల గొడవ. ఆయన వేలి కణుపుల మీద ఒక్కొక్కటీ పెట్టుకుంటాడు. కళ్లు మూసుకున్నాక వాటి జోలికి వెంటనే పోడు. ముందు స్తుతి, తర్వాత ఈ రోజు దాకా నడిపించినందుకు కృతజ్ఞత, తర్వాత ఒప్పుకోలు, అప్పుడు కణుపుల వరస. కొడుకును పేరుతో తలుస్తాడు, నేల గొడవలో అవతలివాళ్లను కూడా తలుస్తాడు. ఒక్క విన్నపం మరిచిపోయినా అడిగిన మనిషి ముఖంలో తెలిసిపోతుంది, అందుకే ఆ కణుపుల లెక్క.

ఈ ధ్యాస గురించి లూథర్ 1535లో తన మంగలి పీటర్ కోసం ఒక చిన్న పుస్తకమే రాశాడు. మంచి మంగలి కత్తి మీద, వెంట్రుక మీద ఎంత చూపు పెడతాడో ప్రార్థించేవాడు అంత మనసు పెట్టాలన్నాడు. మాట్లాడుతూ, ఎటో చూస్తూ గీస్తే ముక్కో గొంతో తెగుతుంది. పనివాడికి పనివాడి భాషలో చెప్పిన పాఠం అది.

కూటంలో విన్న జ్వరం సంగతికి వస్తే, ఈ సంఘాలు ప్రార్థననూ వైద్యాన్నీ విడదీయలేదు. రాయగడ జిల్లా బిస్సంకటక్‌లో 1954లో డెన్మార్క్ డాక్టర్ ఎలిజబెత్ మాడ్సెన్ మొదలుపెట్టిన క్రిస్టియన్ హాస్పిటల్ ఇప్పటికీ నడుస్తోంది. ఆరోగ్యం నాలుగో విన్నపపు జాబితాలోనే ఉందని గుర్తుంటే ఇందులో వింతేమీ లేదు.

చివర ఆమేన్. లూథర్ దానికీ ఒక ప్రశ్న, ఒక జవాబు రాశాడు. అడగమని ఆజ్ఞాపించినవాడే వింటానని మాటిచ్చాడు కాబట్టి ఇది జరుగుతుందన్న నిశ్చయం అది. కూటంలో ప్రార్థన ఒకరే చేస్తారు, యేసు నామమున అడుగుతున్నామని ముగిస్తారు, ఆమేన్ మాత్రం అందరూ అనాలి. అన్నవాళ్లందరికీ ఆ విన్నపాల్లో వంతు వస్తుంది. అందుకే కూటం ముగిశాక పెద్దాయన చెప్పులు వేసుకుంటూ, జ్వరమొచ్చిన పిల్లను రేపు ఆసుపత్రికి ఎవరు తీసుకెళ్తారని అడుగుతాడు.