చిత్తు కాగితం

తెలుగులో ‘చిత్తు’తో ఓ చిక్కుంది. రాయబోయేదానికి తొలి రూపమూ చిత్తే, పనికిరాదని పారేసేదీ చిత్తే. బొమ్మలు నేర్చుకుంటున్న ఈ పదేళ్లలో ఆ రెంటికీ తేడా తెలియక నేను చాలానే పోగొట్టుకున్నాను.

అబిడ్స్‌లో ఆదివారం ఫుట్‌పాత్ మీద కొన్న పాత పుస్తకంలో మైకెలాంజెలో గీసిన ఓ కాగితం అచ్చయి ఉంది. రోమ్‌లోని సిస్టీన్ చాపెల్ కప్పు మీద ఆయన 1508 నుంచి 1512 దాకా చిత్రాలు వేశాడు. వాటిలో లిబియన్ సిబిల్ అని కాలజ్ఞానం చెప్పే స్త్రీ ఒకామె ఉంటుంది. వీపు మనవైపు తిప్పి, వెనకున్న పెద్ద పుస్తకాన్ని రెండు చేతులా పట్టుకుంటుంది. ఆమెకు చిత్తుప్రతి ఈ కాగితం. అసలుది న్యూయార్క్ మెట్రోపాలిటన్ మ్యూజియంలో ఉంది. 29 సెంటీమీటర్ల పొడవు, 21 వెడల్పు. ఇంచుమించు మన ఏ4 కాగితమంత.

కప్పు మీద ఆడమనిషి, కాగితం మీద మగవాడు! ఓ కుర్రాణ్ణి ఎదుట పెట్టుకుని, వీపు కండలు ఒక్కొక్కటే చూస్తూ ఎర్ర సుద్దతో గీశాడు. ముఖం విడిగా మరోసారి వేశాడు. చెయ్యీ విడిగా వేశాడు. నా చూపు మాత్రం అడుగునున్న ఎడమకాలి బొటనవేలి దగ్గరే ఆగిపోయింది. దాన్ని ఒకసారి గీసి ఊరుకోలేదు, పదే పదే గీశాడు. మెలితిరిగిన ఆ ఒంటి బరువు ఆనేది అక్కడే. ఆ వేలు నేలను నొక్కకపోతే పైన మనిషి ఎంత అందంగా ఉన్నా తూలిపడుతున్నట్టే కనిపిస్తుంది. చూసేవాళ్లేమో దాదాపు 20 మీటర్ల కింద నిలబడి, మెడలెత్తి చూస్తారు. వాళ్లలో ఆ వేలిని పట్టించుకునేవాళ్లు ఎందరు?

అంత శ్రమపడ్డవాడు ఆ శ్రమను దాచిపెట్టాలనుకున్నాడు. చనిపోయేముందు ఎన్నో చిత్తుబొమ్మల్ని తగలబెట్టేశాడని, తాను పడ్డ పాట్లు ఎవరి కంటా పడకూడదనే ఆ పని చేశాడని ఆయన జీవితం రాసిన వసారి చెబుతాడు. 1564లో 88 ఏళ్ల వయసులో ఆయన పోయాడు. ఇప్పుడు ప్రపంచమంతా వెదికితే మిగిలినవి ఓ ఆరువందల కాగితాలు.

ముసలితనంలో పుట్టిన బుద్ధి కూడా కాదది. 1518లోనే రోమ్ ఇంట్లో ఉన్న పెద్ద నమూనా చిత్రాల్ని మిత్రుడి చేత కాల్పించాడు. విచిత్రమేమిటంటే, అదే ఏడాది ఓ ఉత్తరం వెనక రాసుకున్న తిండి జాబితా మాత్రం నేటికీ ఫ్లోరెన్స్‌లో భద్రంగా ఉంది. రొట్టెలు, చేప, ద్రాక్షసారా కూజా అంటూ రాసి, పేర్ల పక్కనే చకచకా బొమ్మలు వేశాడు. నౌకరుకు చదువు రాదు కాబట్టి అలా వేసి ఉంటాడంటారు. దాచుకుందామనుకుని వేసినవి కావవి. అయినా అవే మిగిలాయి.

నా కథ చిన్నది. నాన్న పడకకుర్చీలో పేపరు చదువుతూ కునుకు తీస్తుంటే, చాచిన ఆ పాదాల్ని గీయబోయేవాణ్ణి. మడమ కుదిరితే వేళ్లు కుదిరేవి కావు. ఒక పేజీలో తొమ్మిది పాదాలు, తొమ్మిదీ వంకరే. ఇంటికి చుట్టాలొస్తున్నారంటే ఎవరైనా చూసి నవ్వుతారని ఆ పుస్తకం మొత్తం చించి పాత పేపర్లవాడికి తూకానికి వేసేశాను. ఇప్పుడు నాన్న లేరు. పాదాలు ఓ మోస్తరుగా కుదురుతున్నాయి గానీ, ఏ గీత దగ్గర తప్పు దిద్దుకున్నానో చూసుకోవడానికి ఒక్క కాగితమూ లేదు.

మైకెలాంజెలో కాల్చాక కూడా మనకు ఓ బొటనవేలు మిగిలింది. పూర్తయిన బొమ్మ ఆయన ఎంత గొప్పవాడో చెబుతుంది. పని ఎలా చేయాలో మాత్రం ఈ కాగితమే చెబుతుంది. మీ ఇంట్లో పిల్లలు బొమ్మలు వేస్తుంటే బాగా కుదిరినదాన్ని గోడకు అంటించండి, సంతోషమే. కుదరనివాటి మీద తేదీ వేసి, బీరువాలో దాచండి.