తెలియక కాదు

జాతి హననాల గురించి మాట్లాడుకునేటప్పుడు మనకి బాగా అలవాటైన మాట ఒకటుంది: "లోకానికి ముందే తెలిసుంటే ఆపేవాళ్లే." సమంతా పవర్ 2002లో రాసిన 'ఎ ప్రాబ్లమ్ ఫ్రమ్ హెల్' ఆ మాటని ఆరువందల పేజీల్లో, ఒక్కో కాగితం ముందు పెట్టి కొట్టిపారేస్తుంది. ఆర్మేనియన్లు, యూదులు, కంబోడియా, ఇరాక్ కుర్దులు, బోస్నియా, రువాండా: ప్రతిసారీ వాషింగ్టన్‌కి కబురు అందుతూనే ఉంది.

రువాండా అధ్యాయమే తీసుకోండి. 1994 జనవరి 11న ఐక్యరాజ్యసమితి శాంతిసేన కమాండర్ రోమియో డలేర్ కిగాలీ నుంచి న్యూయార్క్‌కి ఫ్యాక్స్ పంపాడు. టుట్సీల పేర్లు నమోదు చేయిస్తున్నారు, చంపడానికేనని అనుమానం, ఆయుధాలు దాచిన చోటు తెలిసింది, వెళ్లి పట్టుకుంటాను అని. వద్దన్నారు. ఏప్రిల్‌లో మొదలై వంద రోజుల్లో సుమారు 8 లక్షల మందిని చంపేశారు. మొదలైన రెండు వారాలకి భద్రతా మండలి చేసిన పని, 2,500 మంది ఉన్న శాంతిసేనని 270కి తగ్గించమని తీర్మానించడం. హత్యలకి ఉసిగొల్పుతున్న రేడియోని జామ్ చేద్దామంటే, విమానానికి గంటకి 8,500 డాలర్లు అవుతుందని పెంటగాన్ లెక్క చెప్పింది. విదేశాంగ శాఖేమో 'జెనోసైడ్' అన్న మాట నోట రాకుండా వారాల తరబడి జాగ్రత్తపడింది. అంటే ఏదో ఒకటి చెయ్యాల్సొస్తుందని.

ఆ మాటని పుట్టించిన రఫాయెల్ లెమ్కిన్ గురించిన అధ్యాయాలు పుస్తకానికి ప్రాణం. 1944లో మాట, 1948 డిసెంబర్ 9న ఒప్పందం. దాన్ని అమెరికా ఆమోదించడానికి ఇంకో నలభై ఏళ్లు. సెనేటర్ ప్రాక్స్‌మైర్ అందుకోసం సభలో 3,211 సార్లు మాట్లాడాడు. ఇలాంటి వివరాల్ని గొంతు పెంచకుండా చెప్పడం పవర్ బలం.

నా పేచీ ఆమె చెప్పే పరిష్కారంతో. లోపించింది సంకల్పం, ఊరుకున్న నాయకులు మూల్యం చెల్లించేలా జనం ఒత్తిడి తేవాలి అంటుంది. ఆ తర్వాత ఆమే వైట్‌హౌస్‌లో చేరింది. 2013 నుంచి 2017 దాకా ఐక్యరాజ్యసమితిలో అమెరికా రాయబారి. ఆమె పుస్తకం మొదలయ్యేది ఆర్మేనియన్ల కథతో. దాన్ని జెనోసైడ్ అని గుర్తిస్తానని ఎన్నికల ముందు మాటిచ్చిన ఒబామా, ఎనిమిదేళ్లూ ఆ పని చెయ్యలేదు. టర్కీతో అవసరాలు. 2021లో బైడెన్ వచ్చాక గానీ అది జరగలేదు. ఇందులో ఆమెని వెక్కిరించాలని లేదు. ఈ విషయం అందరికన్నా ఎక్కువ తెలిసిన మనిషి, కావాల్సిన కుర్చీకి అంత దగ్గరగా కూర్చుని కూడా ఒక మాట పలికించలేకపోయింది. మంచివాళ్ల సంకల్పం మీద ఆధారపడితే ఎంతవరకు వస్తుందో చెప్పడానికి ఇంతకన్నా ఉదాహరణ ఏం కావాలి?

అసలు చిక్కు నివారణలోనే ఉంది. రుజువు దొరికేసరికి ఆలస్యమైపోతుంది, ముందే ఆపితే చూపించడానికి రుజువు మిగలదు. మా ఉద్యోగాల్లో కూడా అంతే, పడిపోని సర్వర్‌కి అప్రైజల్‌లో మార్కులు పడవు. అందుకే నాకు 2007లో అంతర్జాతీయ న్యాయస్థానం ఇచ్చిన తీర్పు ముఖ్యమనిపిస్తుంది. 1995లో స్రెబ్రెనికాలో దాదాపు 8 వేల మంది బోస్నియా ముస్లిం మగవాళ్లనీ, అబ్బాయిల్నీ చంపిన కేసులో, ఆపే బాధ్యతని సెర్బియా నిర్వర్తించలేదని చెప్పింది. తీవ్రమైన ముప్పు ఉందని తెలిసిన క్షణం నుంచే ఆ బాధ్యత మొదలవుతుందంది. ఇది జెనోసైడా కాదా అని తేలేదాకా ఆగుతాం అనడానికి ఇక వీల్లేదు. పన్నెండేళ్లు ఆలస్యంగా వచ్చిన తీర్పు, నిజమే. కానీ 2019లో రోహింగ్యాల తరఫున మయన్మార్ మీద కేసు వేసింది గాంబియా అనే చిన్న దేశం. రెండు నెలల్లో, తుది తీర్పు కోసం ఆగకుండా, వాళ్లని కాపాడమని కోర్టు ఉత్తర్వులిచ్చింది. ఆ ఉత్తర్వుతో శరణార్థి శిబిరాలు ఖాళీ అయిపోలేదు.

పవర్ చూపంతా వాషింగ్టన్ మీదే కాబట్టి మిగతా దేశాలు ప్రేక్షకుల్లా కనిపిస్తాయి. కిగాలీలో 270 మందే ఉండాలన్నాక కూడా డలేర్‌తో ఆగిపోయిన వాళ్లలో ఎక్కువమంది ఘనా సైనికులు. సరైన ఆయుధాలు కూడా లేకుండా వేలమందిని కాపాడారు. పెద్ద దేశం ఎందుకు రాలేదో ఈ పుస్తకం అద్భుతంగా చెబుతుంది. అది రాకపోయినా ఎవరు నిలబడ్డారు, ఎలా నిలబడ్డారు అన్నది ఎవరైనా ఇంతే ఓపిగ్గా రాస్తే చదవాలని ఉంది.